అలుగుపాడులో అలిగిన అమ్మవారు

రాయికీ మనకీ మధ్య

"పాత లిపి ఎలా నేర్చుకున్నారండీ?" అని ఈ శాసనాల శాఖలోకి కొత్తగా వస్తున్న పిల్లలు నన్ను అడుగుతుంటారు. లిపిదేముంది, ఓపికుంటే ఎవరికైనా వస్తుంది. అసలు కష్టం రాయి దగ్గరికి వెళ్ళడం. శాసనం ఉన్న రాయి ఎప్పుడూ ఒంటరిగా ఉండదు. దాని మీద ఎవరో పిడకలు కొడుతుంటారు, ఎవరో బట్టలుతుకుతుంటారు, ఎవరో దానికి దణ్ణం పెడుతుంటారు. వాళ్ళందరినీ దాటుకుని వెళితే అప్పుడు రాయి. ఆ దాటుకెళ్ళడం గురించి మీ పాఠ్యపుస్తకాల్లో ఉండదు కాబట్టి నాకు తెలిసింది రాస్తున్నాను.

నా పేరు మస్తాన్‌వలి. మాది పర్చూరు దగ్గర పల్లె. మా నాన్న ఇంటింటికీ తిరిగి పరుపులకీ దిండ్లకీ దూదేకేవాడు. ఊళ్ళు తిరిగి రాళ్ళమీది రాతలు చదివే ఉద్యోగం వచ్చిందని చెబితే, ఆయన చేస్తున్న పని ఆపాడు. "రాళ్ళు చదివితే జీతమిస్తారా? రాళ్ళే ఇస్తారేమో, సరిగ్గా కనుక్కున్నావా?" అన్నాడు.

చేసే పని చెబుతాను. రాయిని శుభ్రంగా కడిగి, తడికాగితం దాని మీద పరిచి, గట్టి కుచ్చుల బ్రష్షుతో కొడతాం. కాగితం అక్షరాల గుంటల్లోకి దిగుతుంది. అప్పుడు సిరా ముంచిన గుడ్డముద్దతో పైపైన అద్దితే కాగితమంతా నల్లబడి అక్షరాలు తెల్లగా మిగులుతాయి. ఆ కాగితం తెచ్చుకుని తీరిగ్గా చదువుకోవచ్చు. నేను బకెట్టు, బ్రష్షు, కాగితం చుట్టలు పట్టుకుని ఊళ్ళోకి అడుగుపెడితే చాలు, సినిమా పోస్టర్లు అంటించేవాడు వచ్చాడనుకునేవాళ్ళు. ఒక ఊళ్ళో పిల్లలు "ఏం సినిమా బాబూ, ఏం సినిమా?" అంటూ పొలిమేర దాటేదాకా వెంటబడ్డారు. శాసనం అన్నాను. "అందులో ఫైటింగులున్నాయా?" అని అడిగారు.

వామనరావు గారి స్తూపాలు

మా పై అధికారి వామనరావు గారు. సన్నటి మనిషి, ఎండకి తిరిగి తిరిగి నల్లబడిపోయిన మొహం, దాని మీద గొడుగంత టోపీ. ఆయనకి బౌద్ధ స్తూపాలంటే ప్రాణం. ఆ రోజుల్లో గుంటూరు జిల్లాలో ఎక్కడ గునపం దింపినా బుద్ధుడే బయటికొస్తాడని పేరు. మా శాఖలో ఆయన సాటివాళ్ళందరికీ ఏదో ఒక స్తూపం దొరికింది, ఆయనకే దొరకలేదు. దాంతో నేలమీద ఎత్తుగా కనిపించిన ప్రతిదీ ఆయనకి స్తూపమైపోయింది. ఒకసారి గుంటూరు నుంచి వస్తూ ఉన్నట్టుండి జీపు ఆపించి, పత్తిచేలో అడ్డంపడి వెళ్ళి, దూరంగా ఉన్న గడ్డివామి చుట్టూ తిరిగొచ్చారు. జీపెక్కి టోపీ దులుపుకున్నారు. తరవాత, "ఆకారం మాత్రం సరిగ్గా ఉందయ్యా," అన్నారు.

ఆయన వెనకాల మేం నవ్వుకున్నమాట నిజమే గాని, నాకు పనికొచ్చిన పాఠం చెప్పింది కూడా ఆయనే. "రాయి దగ్గర కూర్చుంటే రాయే కనిపిస్తుంది. ముందు పక్కనున్న కొండెక్కి ఊరంతా ఒకసారి చూసుకో," అనేవారు. తను ఎక్కేవారు కూడా, మిట్టమధ్యాహ్నం, ఆయాసపడుతూ. తరవాత నేను చాలామంది అధికారుల కింద పనిచేశాను. కుర్చీ దిగకుండా ఒప్పు చెప్పినవాళ్ళ కంటే, ఎండలో నడిచి తప్పు చెప్పిన ఈయన దగ్గరే ఎక్కువ నేర్చుకున్నాను.

కళ్ళంలో అమ్మవారు

అలుగుపాడు అద్దంకి వైపు ఊరు. ఇప్పుడు అది ప్రకాశం జిల్లా, అప్పుడు గుంటూరు జిల్లాయే. రెండు చిన్న కొండలు, వాటి మధ్య లోయ, లోయలోంచి సన్నగా పారే వాగు. లోయ మొదట్లో ఈ కొండ నుంచి ఆ కొండ దాకా పొడుగ్గా ఒక మట్టిగుట్ట ఉంటుంది. వాగు పోయేచోట మాత్రం అది తెగి ఉంటుంది. ఆ గుట్టకి ఇవతల ఊరు. గుట్టని రాకాసిగుట్ట అంటారు. ఎవరో వీరుడు రాకాసి మెడ నరికితే అది అట్లాగే అడ్డంపడిపోయిందట. తెగిన చోటు దాని మెడట.

గుట్ట ఉత్తరపు కొసన, కొండని ఆనుకుని అలుగులమ్మ ఉంటుంది. నిలువెత్తు బండరాయి, నిండా పసుపు, కుంకుమ. ఈ అమ్మవారు మొగుడి మీద అలిగి వచ్చేసిందని, ఎవరి మొహమూ చూడనని ఊరికి వీపు పెట్టి లోయ వైపు తిరిగి కూర్చుందని కథ. ఆమె అలిగింది కాబట్టే ఊరు అలుగుపాడయింది. అలిగే కొత్త కోడళ్ళని అత్తలు ఇక్కడికి తీసుకొచ్చి, "చూశావా, అలిగితే ఇట్లా బండైపోతావు," అని భయపెట్టేవాళ్ళు. ఆ కోడళ్ళు మాత్రం చేతులు జోడించి, నీకున్నంత పట్టుదల నాకూ ఇయ్యి తల్లీ అని మొక్కుకునేవాళ్ళట.

నేను వెళ్ళింది మిరపకాయలు కోసి ఎండబెట్టే రోజుల్లో. అమ్మవారి చుట్టూ పేరమ్మ అనే పెద్దావిడ కళ్ళం ఉంది. ఏటా పేడతో అలికి అలికి, మట్టి పోసి పోసి, ఆ కళ్ళం అమ్మవారి నడుముదాకా లేచిపోయింది. నేలంతా ఎర్రగా మిరపకాయలు. వాటి మధ్యలో కర్ర పట్టుకుని ఆమె.

"ఎవరయ్యా నువ్వు? కాయల మీద కాలెయ్యమాక!"

"శాసనాల ఆఫీసు నుంచి వచ్చాను పెద్దమ్మా. ఆ రాయి మీద రాతలున్నాయంటే చూద్దామని."

"అది రాయి కాదు. అమ్మ."

"సరే, అమ్మవారి ఒంటి మీద రాతలున్నాయంటే చూద్దామని."

"పేరేంది?"

"మస్తాన్‌వలి."

"సాయిబులా?" అని నన్ను పైకీ కిందికీ చూసింది. "మా అమ్మతో నీకేం పనయ్యా?"

నాకు అప్పటికప్పుడు తోచింది చెప్పాను. "ఆ తల్లి ఎందుకు అలిగిందో అందులో రాసి ఉంటుందేమో పెద్దమ్మా. చదివి చెబుతాను."

ఆమె చేతిలో కర్ర దిగిపోయింది. "మా అత్తకి తెలియదు. మా అత్త అత్తకీ తెలియదు. తాగొచ్చి కొట్టాడో, ఇంకోదాన్ని తెచ్చుకున్నాడో... ఇంతకాలం అలిగిందంటే చిన్న విషయం అయ్యుండదు," అంది. తరవాత స్వరం తగ్గించి, "నిజంగా చదవగలవా?" అంది.

రాయి కడగడానికి మాత్రం నన్ను ఒప్పుకోలేదు. "నువ్వు గరుగ్గా రుద్దుతావు, అమ్మకి నొప్పి," అని తనే గోరువెచ్చటి నీళ్ళు తెచ్చి, కుంకుడుకాయ రసంతో పసుపంతా కడిగింది. లోయ వైపు మొహాన చక్కటి గుండ్రటి అక్షరాలు బయటపడ్డాయి. నేను ఆనందంతో కాగితం తడిపి బ్రష్షు ఎత్తాను. తుమ్మొచ్చింది.

"ఆగు! పని మొదలెట్టబోతా తుమ్మావు. కూచో కాసేపు," అంది పేరమ్మ.

కూర్చున్నాను. లేచాను. బ్రష్షు ఎత్తాను. తుమ్మాను.

"ఆగు!"

ఎండుమిరపకాయల మధ్య నిలబడి తుమ్మకుండా పని మొదలుపెట్టడం మనిషన్నవాడి వల్ల అయ్యే పని కాదు. కాగితం ఆరిపోతోంది, మళ్ళీ తడుపుతున్నాను, మళ్ళీ తుమ్ముతున్నాను. ఈలోగా ఊరంతా చేరింది. చివరికి పేరమ్మే జాలిపడి తన పైటకొంగు చింపిచ్చి ముక్కుకి కట్టుకోమంది. అట్లా దొంగలాగా మొహానికి గుడ్డ కట్టుకుని నేను నా ఉద్యోగ జీవితంలోకెల్లా మంచి శాసనాన్ని కాగితం మీదికి తీశాను.

మొగుడి సంగతి లేదు

పంచాయతీ ప్రెసిడెంటు కోటయ్య గారు తెల్లటి పంచెలో వచ్చి నా పక్కన గొంతుక్కూర్చున్నారు. "ఎంత లోతులో ఉందో కూడా రాస్తారా అండీ, సాయిబు గారూ?" అన్నారు మెల్లగా.

"ఏదండీ?"

"అదే..." అని అటూ ఇటూ చూసి, "లంకెబిందెలు," అన్నారు.

కాగితం ఆరాక అందరూ వినేలా చదివి చెప్పాను. ఏడెనిమిది వందల ఏళ్ళ కిందట పోలమ అనే ఆవిడ, చనిపోయిన తన తల్లి పుణ్యం కోసం ఇక్కడ చెరువు కట్టించింది. కట్ట పోయించింది, తూము పెట్టించింది, ఈ రాయి ఉన్నచోట అలుగు కట్టించింది. ఈ అలుగుని ఎవరు పూడ్చినా కాశీలో కపిలగోవుని చంపిన పాపాన పోతారు. అంతే.

"అంతేనా?" అన్నారు కోటయ్య గారు. నాకు చదవడం రాదేమోనని ఆయనకి అనుమానం.

"మొగుడి సంగతి?" అంది పేరమ్మ.

"మొగుడి సంగతి లేదు పెద్దమ్మా. అసలు ఇందులో అలగడమే లేదు. అలుగు అంటే చెరువు నిండినప్పుడు మిగిలిన నీళ్ళు పొర్లి బయటికి పోయే చోటు."

"చెరువేదీ?"

అందరూ ఒకసారి చుట్టూ చూశారు. లోయ నిండా పత్తి, మిరప, గడ్డిబీడు. చెరువుల కింద సాగుచేసే ఊళ్ళలో అలుగంటే అందరికీ తెలుసు. వానని నమ్ముకుని బతికే ఈ ఊరికి దాంతో పనేముంది? మాట ఊరి పేరులో మిగిలింది, అర్థం జారిపోయింది. మిగిలిన మాటకి వీళ్ళు మొగుడూ పెళ్ళాల తగువు జతచేసుకున్నారు.

పేరమ్మ చెంబులో మిగిలిన నీళ్ళు పారబోసి, "తుమ్ముతా చదివావు. అందుకే తప్పొచ్చింది. ఈసారి సరిగ్గా నేర్చుకుని రా," అంది.

వామనరావు గారి మాట గుర్తొచ్చి పక్క కొండెక్కాను. పైనుంచి చూస్తే ఇక అనుమానమే లేదు. రాకాసిగుట్ట చెరువుకట్ట. రాకాసి మెడ ఎప్పుడో తెగిన గండి. పత్తీ మిరపా పండుతున్నది చెరువు గర్భం. అమ్మవారు ఊరికి వీపు పెట్టింది అలిగి కాదు, నీళ్ళ వైపు తిరిగింది. అలుగు దాటిన నీళ్ళు కొండ పక్కనుంచి, ఊరికి దూరంగా వేరే వంకలోకి దిగిపోయేలా ఉంది వాలు. ఊరు మాత్రం సరిగ్గా ఆ గండికి ఎదురుగా కూర్చుంది.

కిందికి దిగొచ్చి చెబితే కోటయ్య గారు నవ్వారు. ఆయనకి వేరే ఆలోచన ఉంది. మిరపబస్తాల బళ్ళు వాగులో దిగబడుతున్నాయని, ఆ గండిని మట్టితో పూడ్చి గుట్ట మీదుగా బండ్లబాట వేయిస్తున్నారు.

"గండి పూడిస్తే మళ్ళీ చెరువవుతుందండీ," అన్నాను.

"మా వాగులో కోడిపిల్ల కూడా మునగదండీ. అయినా సిమెంటు గొట్టాలు రెండేయిస్తున్నాం. మీరు దిగులుపడమాకండి," అన్నారు. నిజానికి ఆ బాట ఊరికి కావాలి. ఏటా ఒకరిద్దరి ఎడ్లు ఆ వాగులో కాళ్ళు విరగ్గొట్టుకునేవి. ఆయన్ని మూర్ఖుడని ఎవరైనా అంటే నేనొప్పుకోను.

పడుకున్న స్తూపం

కొండంత మట్టిగుట్ట ఉందని వినగానే వామనరావు గారు ఎండాకాలంలో రెక్కలు కట్టుకుని వచ్చారు. ఒక పక్క కోటయ్య గారి మనుషులు గండిలో మట్టి పోస్తుంటే, ఇంకో పక్క ఈయన గుట్టలో కందకం తవ్వించారు.

"సార్, ఇది చెరువుకట్ట. శాసనంలో ఉంది," అన్నాను.

"స్తూపం పక్కన చెరువు ఉండకూడదా?"

"స్తూపం గుండ్రంగా ఉంటుంది కద సార్. ఇంత పొడుగ్గా..."

ఆయన టోపీ సర్దుకున్నారు. "పడుకున్న బుద్ధుడు ఉన్నప్పుడు పడుకున్న స్తూపం ఎందుకుండకూడదయ్యా?"

తవ్వినకొద్దీ బంకమట్టి, దాని కింద ఇంకా బంకమట్టి వచ్చాయి. చివరికో కుండపెంకు దొరికింది. బౌద్ధ భిక్షువుల అన్నపాత్ర అన్నారాయన. పేరమ్మ వచ్చి చూసి, "అది మా అత్త పగలగొట్టిన బాన," అంది. ఇద్దరికీ పెద్ద వాదన జరిగింది. ఆయన చరిత్ర చెబితే ఆమె అత్త గుణగణాలు చెప్పింది. ఆఫీసులో చూపిస్తే ఇద్దరిదీ తప్పేనని తేలింది. పెంకు పోలమ నాటిదే.

ఆ సంగతి తేలాక వామనరావు గారు కొన్నాళ్ళు డీలాపడి, తరవాత, శాసనం ఊళ్ళో ఉంటే పాడవుతుంది, తీసుకొచ్చి మ్యూజియంలో పెట్టమని నన్ను పురమాయించారు. ఈ ఉద్యోగంలో మీకు కూడా ఇట్లాంటి హుకుం ఎప్పుడో వస్తుంది. ఊరివాళ్ళ అమ్మవారిని బండిమీద ఎక్కించుకుని రమ్మంటారు. ఎట్లా ఎక్కించాలో మాత్రం చెప్పరు.

మొగుడొచ్చాడు

నేను వెళ్ళేసరికి పేరమ్మకి కబురు ముందే అందింది. అమ్మవారి ముందు మంచం వేసుకుని, పక్కన రోకలి పెట్టుకుని కూర్చుంది. "తీసుకుపో నాయనా, తీసుకుపో. ముందు నన్నెత్తి బండిలో పడెయ్యి, తరవాత అమ్మని ఎత్తు," అంది. నేను ఆ సాయంత్రం కోటయ్య గారి అరుగు మీద కూర్చుని, వామనరావు గారికి ఏం చెప్పాలా అని ఆలోచిస్తుండగా వాన మొదలైంది.

వాయుగుండం. రాత్రంతా కురిసి, తెల్లారినా ఆగలేదు. పొద్దున్నే కోటయ్య గారు తలమీద గోనెసంచి కప్పుకుని పరిగెత్తుకొచ్చి, "సాయిబు గారూ, ఒకసారి రండి," అన్నారు. మునుపటి నవ్వు లేదు.

గుట్ట ఎక్కి చూస్తే లోయ లేదు. ఈ కొండకీ ఆ కొండకీ మధ్య ఎర్రటి నీళ్ళు. సిమెంటు గొట్టాలు చెత్తతో పూడిపోయి ఎప్పుడో మునిగిపోయాయి. నీళ్ళు కొత్త బాట అంచుకి జానెడు కిందిదాకా వచ్చేశాయి. ఇవతల, మా కాళ్ళ కింద, ఊరి కప్పులు కనిపిస్తున్నాయి. ఆడవాళ్ళు పిల్లల్ని చంకలో వేసుకుని కొండ వైపు వెళుతున్నారు.

కోటయ్య గారి మనుషులు పలుగులు, పారలు ఎత్తారు. "బాటని తెగ్గొట్టేద్దాం. వాగు దారిన వాగు పోతుంది!"

"వద్దండీ!" అని అరిచాను. "ఇప్పుడు తెగ్గొడితే ఇన్ని నీళ్ళూ ఒక్కసారిగా ఊరిమీద పడతాయి."

"కొట్టకపోతే?"

"కొట్టకపోతే నీళ్ళు బాట మీదికెక్కుతాయి. కొత్తమట్టి, దానంతటదే తెగుతుంది."

"కొట్టొద్దంటావు, ఊరుకోవద్దంటావు! ఏదో ఒకటి చెప్పవయ్యా మగడా!"

"చెప్పాను కదండీ, పోయిన చలికాలమే చదివి చెప్పాను! అమ్మవారి దగ్గర అలుగుంది. ఆ కళ్ళం తవ్వితే నీళ్ళు అటు కొండ పక్కనుంచి పోతాయి!"

ఆయన నా మొహంలోకి చూశారు. ఆ చూపు నాకింకా గుర్తుంది. వెయ్యిమందిని ఊళ్ళో పెట్టుకుని, ముక్కుకి గుడ్డ కట్టుకుని చదివిన ఒక కుర్రాడి మాట నమ్మాలా వద్దా అని తేల్చుకోవలసింది ఆయన. "పదండ్రా," అన్నారు.

అందరం కట్ట మీద జారుతూ ఉత్తరపు కొసకి పరిగెత్తాం. అక్కడ పేరమ్మ తడిసి ముద్దయి, రోకలి రెండు చేతులా పట్టుకుని నిలబడి ఉంది.

"ఒరేయ్ కోటిగా! అమ్మ పక్కన గునపం దింపావో, నీ తల పగులుద్ది!"

"ఊరు మునుగుతుంది పేరమ్మత్తా! అడ్డం తప్పుకో!"

"అలిగిన తల్లిని కదిలిస్తే ఊరు మునగదా? సాయిబు చెప్పాడని అమ్మని తవ్వుతారంట్రా?"

పారలు పట్టుకున్న మగవాళ్ళంతా ఆగిపోయారు. రోకలికి కాదు, అమ్మవారికి. నేను మళ్ళీ అలుగు, కట్ట, తూము అని మొదలుపెట్టాను. ఆ వానలో ఎవరూ వినలేదు. విన్నా ఎవరికీ పట్టలేదు. నీళ్ళు కళ్ళం అంచుకి వచ్చి, అమ్మవారి ఎదుట చిన్నచిన్న అలలు కొడుతున్నాయి. అది చూసి, ఏం చేయాలో తోచక అడిగాను.

"పెద్దమ్మా, అమ్మ ఇన్నాళ్ళూ ఎటు చూస్తా కూచుంది?"

"లోయకెల్లి. తెలియనట్టు అడుగుతావేం?"

"ఎవరి కోసం చూస్తంది?"

పేరమ్మ తిట్టబోయి ఆగింది. వెనక్కి తిరిగి చూసింది. ఎప్పుడూ ఎండిపోయి ఉండే లోయలో ఈ చివర నుంచి ఆ చివర దాకా నీళ్ళు. అవి అమ్మవారి మొహానికి ఎదురుగా, అలలు అలలుగా ముందుకు వస్తున్నాయి. ఆమె నోరు తెరుచుకుంది. రోకలి చేతిలోంచి జారింది.

"వచ్చాడా!" అంది. ఇంకెవరితోనో అన్నట్టు మెల్లగా అంది. మరుక్షణం ఆమె గొంతు వాన చప్పుడుని మించిపోయింది. "ఒరేయ్, నిలబడి చూస్తారేందిరా! అమ్మ మొగుడొచ్చాడు! దారియ్యండి! తవ్వండిరా, తవ్వండి!"

తన కళ్ళాన్ని తనే ముందు పారతో కొట్టింది. ఆ తరవాత ఆమెని ఆపడం ఎవరి తరం కాలేదు. "అటు కాదురా, ఇటు! అమ్మకి తగలనియ్యమాక! మెల్లగా!" అంటూ ఊరందరినీ తిడుతూ తవ్వించింది. తరతరాల పేడమట్టి ముద్దలుముద్దలుగా లేచింది. దాని కింద గునపానికి ఠంగుమని తగిలింది. వరసగా చెక్కి పేర్చిన రాతిబండలు, ఒకదాన్నొకటి పట్టుకుని, నిన్న కట్టినట్టు ఉన్నాయి. ఆ పక్కకి ఈ పక్కకి మట్టి తీసేసరికి నీళ్ళు బండల మీదికి ఎక్కి, అమ్మవారి పాదాలు తడిపి, కొండవారగా జారి, వంకలోకి దూకాయి.

అందరం గుడ్లప్పగించి బాట వైపు చూస్తూ నిలబడ్డాం. కొత్తమట్టి అంచున నీళ్ళు కాసేపు ఊగిసలాడి, అక్కడే ఆగాయి. ఇక పెరగలేదు. కోటయ్య గారు బురదలో కూలబడి పంచె కొంగుతో మొహం తుడుచుకున్నారు. ఏడ్చారో, వాననీళ్ళో నాకు తెలియదు.

"చూశావా," అంది పేరమ్మ నాతో. "మొగుడి సంగతి లేదన్నావు."

తరవాత జరిగినవి

వాన వెలిశాక తెలిసింది, చెరువు గర్భంలో అందరికంటే ఎక్కువ మిరపచేను కోటయ్య గారిదేనని. అలుగుపాడులో నిజంగా అలిగిన మనిషిని నేను అప్పుడే చూశాను. ఆయన కొన్నాళ్ళు ఎవరితోనూ మాట్లాడలేదు. కాని ఎండాకాలం వచ్చేసరికి కట్ట దిగువన బావులన్నీ నిండుగా ఉన్నాయి. దిగువ పొలాల్లో మిరప పచ్చగా నిలబడింది. గొట్టాలు తీసేసి సరైన తూము పెట్టించడానికి ఆయనే ఆఫీసుల చుట్టూ తిరిగారు. తరవాత్తరవాత ఊరికొచ్చిన ప్రతి ఆఫీసరునీ కట్టమీదికి తీసుకెళ్ళి, "ఇక్కడ చెరువుండేదని మా తాత ఎప్పుడూ చెబుతుండేవాడండీ," అనేవారు. నేను పక్కనున్నప్పుడు కూడా అన్నారు, నా మొహం చూస్తూనే.

వామనరావు గారు వచ్చి నిండిన చెరువు గట్టున టోపీ తీసి నిలబడ్డారు. "రాయిని ఇక్కడే ఉండనివ్వు. దాని పని అది చేసుకుంటోంది," అన్నారు. జీపు ఎక్కేముందు, "బౌద్ధులు చెరువులు కూడా కట్టించారయ్యా, తెలుసా?" అన్నారు. ఆయనకి ఉద్యోగం చివరిదాకా స్తూపం దొరకలేదు. దొరికి ఉండవలసింది.

చాలా ఏళ్ళ తరవాత, పంతొమ్మిదివందల అరవైలు అయిపోవస్తుండగా, ఏదో పనిమీద అటుగా బస్సులో పోతూ అలుగుపాడు దగ్గర దిగాను. రోడ్డుపక్కన టీకొట్టు పెట్టారు. కొట్టువాడు కొత్తవాడు, నన్నెరగడు. చెరువు బాగుందే అన్నాను.

"దానికి పెద్ద కథుందండీ," అన్నాడు టీ తిరగబోస్తూ. "మా అలుగులమ్మ మొగుడి మీద అలిగి కూచుంటే, ఒక ఫకీరు వచ్చాడండి. ఏడడుగుల మనిషి, బొడ్డుదాకా తెల్లటి గడ్డం. 'అమ్మా, నీ మొగుణ్ణి నేను తీసుకొస్తా' అని మూడుసార్లు తుమ్మాడండి. అంతే, వాన!"

నేను పొట్టివాణ్ణి. ఆ వాన నాటికి నాకు మీసం కూడా సరిగ్గా రాలేదు. "ఇప్పుడెక్కడున్నాడయ్యా ఆయన?" అన్నాను.

"సమాధయిపోయారండీ. అలుగు పక్కనే గోరీ. వెళ్ళి దణ్ణం పెట్టుకోండి, మంచి మహిమ గల చోటు. పడిశం పట్టినోళ్ళంతా వస్తారు."

వెళ్ళాను. మేం ఆ రోజు కళ్ళంలోంచి తవ్విపోసిన మట్టిదిబ్బే, చక్కగా సున్నం కొట్టి, మీద ఆకుపచ్చ గుడ్డ కప్పారు. కొబ్బరిచిప్పలు, ఊదువత్తులు. ఎదురుగా ఒక తల్లీ పిల్లాడూ ముక్కు తుడుచుకుంటూ నిలబడి ఉన్నారు. గోరీ ముందు నిలబడి ఊరుకోవడం నాకు అలవాటు లేదు. చేతులు చాచి, పోయినవాళ్ళ కోసం చదివే ఫాతిహా చదివాను. తన కోసం తనే నిలబడి చదువుకునే అదృష్టం ఎంతమందికి దక్కుతుంది?

చదివి తల ఎత్తేసరికి, గోరీ పక్కన పందిరి కింద నెమలీకల కట్ట పట్టుకుని కూర్చున్న ముసలావిడ నా వైపు కళ్ళు చిట్లించి చూస్తోంది. పేరమ్మ. బాగా వంగిపోయింది. తల్లీ పిల్లాడూ వెళ్ళేదాకా ఆగి, వేలితో దగ్గరికి రమ్మంది.

"మస్తానూ, నువ్వేనా? బతికే ఉన్నావా?"

"ఉన్నాను పెద్దమ్మా."

ఆమె నెమలీకలతో నా తలమీద మెల్లగా రెండుసార్లు తట్టింది. అటూ ఇటూ చూసి, చెవి దగ్గరికి వంగింది.

"మంచిదే నాయనా, చల్లగా ఉండు. కాని బతికున్నానని ఊళ్ళో ఎవరితోనూ అనమాక. చాలా బాధపడతారు."